తరగని డబ్బా

రాజమండ్రి స్టేషన్లో రంగు బల్బులు తిరిగే బరువు యంత్రం ఒకటి ఉండేది. రూపాయి బిళ్ళ వేస్తే కాసేపు గడగడలాడి ఒక అట్టముక్కను బయటికి కక్కుతుంది. దానికి ఒకవైపు బరువు, రెండోవైపు జాతకం. ఆ రోజు నాగదుర్గ చేతిలో పడిన అట్టముక్క మీద తొంభై నాలుగు అని ఉంది. వెనక్కి తిప్పితే, మీరు పట్టుదల గల మనిషి, అనుకున్నది సాధిస్తారు అని ఉంది. ఆఖరికి యంత్రానికి కూడా వెటకారం వచ్చేసిందన్నమాట అనుకుంది.

కొవ్వూరు వెళ్ళే పాసింజరు వంతెన ఎక్కగానే పెట్టెలో ఆడవాళ్ళందరూ బిళ్ళలు కళ్ళకద్దుకుని గోదావరిలోకి విసిరారు. నాగదుర్గ ఆ అట్టముక్కను నాలుగు ముక్కలు చేసి విసిరింది. పక్కన కూర్చున్న ముసలావిడ చూసి, "మారేడు పత్రాండి?" అని అడిగింది.

"అలాంటిదేనండి," అంది నాగదుర్గ.

ఊళ్ళో ముత్యాలమ్మ జాతర ఇంకా పది రోజులు ఉంది. ఆ జాతర ఆదివారం నాడు నలుగురి ముందూ నాగదుర్గని కాటాలో కూర్చోబెట్టి బెల్లంతో తూచాలి. ఎంత బెల్లం చెప్పమంటావమ్మా అని అత్తగారు సంపూర్ణమ్మ అడిగితే, అరవై ఎనిమిది కిలోలు అని నాగదుర్గ తన నోటితో తానే చెప్పింది. ఇంట్లోనూ ఊళ్ళోనూ నాలుగేళ్ళుగా చెబుతున్న లెక్క అదే. నోరు దానంతటదే చెప్పేసింది.

ఈ మొక్కు ఇప్పటిది కాదు. రెండువేల మూడులో, అంటే ఆరేళ్ళ క్రితం, నాగదుర్గ బరువు నూట పద్దెనిమిది. ముప్ఫై రెండేళ్ళకే మోకాళ్ళు అరిగిపోయాయి. పడుకుంటే ఊపిరి ఆగి ఆగి వచ్చేది. భర్త గంగరాజు ఎవరో చెప్పగా విని హైదరాబాదు తీసుకెళ్ళాడు. అక్కడ డాక్టరు ఆమె పొట్టను కోసి, కుట్టి, కోడిగుడ్డంత చేశాడు. మూడో రోజున ఆ కుట్టు కారింది. మళ్ళీ కోశారు. పదకొండు రోజులు ఆ మనిషి ఇటూ కాదు, అటూ కాదు. ఆ కబురు ఫోనులో వినగానే సంపూర్ణమ్మ తడిబట్టలతో గుడికి పరిగెత్తి, నా కోడలు ప్రాణాలతో ఇంటికొస్తే దాని ఎత్తు బెల్లం తూచి పెడతాను తల్లీ అని మొక్కుకుంది.

కోడలు వచ్చింది. ఏడాదిన్నరలో అరవై ఆరుకి దిగింది. ఇక చూడాలి ఆ వైభవం! కొవ్వూరు నుంచీ, నిడదవోలు నుంచీ జనం పనిగట్టుకుని చూడటానికి వచ్చేవారు. గంగరాజు పాత ఫోటో తెచ్చి పక్కన పెట్టి చూపించేవాడు. పాత జాకెట్లో ఇప్పుడు ఇద్దరు దూరతారని ఆడపడుచు అందరికీ చెప్పి నవ్వించేది. పుట్టి బుద్ధెరిగాక నాగదుర్గని చూసి జనం మెచ్చుకోవడం అదే మొదలు. ఆ మెప్పు అన్నం కన్నా రుచిగా ఉండేది.

డాక్టరు మాత్రం ఆరోజే చెప్పాడు. "ఆపరేషన్ సగం పనేనమ్మా. మిగతా సగం బతికినన్నాళ్ళూ మీరు చెయ్యాలి. నెలనెలా బరువు చూసుకోండి. ఆరు నెలలకోసారి నా దగ్గరకి రండి. రెండు కిలోలు పెరిగినా రండి, నేనేమీ తిట్టను. నమిలి తినేవి తినండి. నోట్లో కరిగిపోయేవి మాత్రం వద్దు. మీ చిన్న పొట్ట వాటిని ఆపలేదు."

ఆయన గోదావరి జిల్లా మనిషి కాదు. ఈ జిల్లాలో కరిగేది అంటే పూతరేకు అని ఆయనకి తెలియదు.

సంపూర్ణమ్మ కొట్టుగదిలో స్టీలు డబ్బా ఒకటి ఉంది. ఇంటికొచ్చినవాళ్ళని ఉత్త కాఫీ ఇచ్చి పంపితే ఆవిడకి రాత్రి నిద్ర పట్టదు. అందుకని ఆత్రేయపురం నుంచి మరిడమ్మ గంపలో తెచ్చే పూతరేకులు ఆ డబ్బాలో ఎప్పుడూ ఉండాల్సిందే. మొదటి రెండేళ్ళూ నాగదుర్గ ఆ గదివైపు చూడలేదు. తీపి ముక్క నోట్లో వేసుకుంటే ఒళ్ళంతా చెమటలు పట్టి గుండె దడదడలాడేది. మూడో ఏడు ఒక మధ్యాహ్నం, ఇల్లంతా కునుకు తీస్తున్నప్పుడు, ఒకటి తిని చూసింది. చెమట పట్టలేదు. దడ రాలేదు. చేతిలో ఉన్నంతసేపూ కాగితమంత బరువు కూడా లేదు, నాలిక మీద పెడితే లేనే లేదు. పళ్ళెంలో అన్నం నాలుగో ముద్దకే అడ్డం పడేది కానీ, ఇది మాత్రం దారి తెలిసినట్టు దిగిపోయింది.

అలా రోజుకొకటయింది. తర్వాత రెండయ్యాయి. ఒకటి తీసి మూత పెట్టేముందు నాగదుర్గ ఎప్పుడూ డబ్బాలోకి చూసేది. ఎప్పుడు చూసినా మెడ దాకా ఉండేవి. ఏం తిన్నానని, డబ్బా డబ్బాలాగే ఉంది కదా అనుకునేది. ఆ ధైర్యంతో ఇంకొకటి తీసుకునేది. బరువు డెబ్భై రెండుకి వచ్చినప్పుడు డాక్టరు దగ్గరకి వెళదామని ఫైలు తీసింది. ఇంకో రెండు కిలోలు తగ్గించుకుని వెళితే గౌరవంగా ఉంటుందని మళ్ళీ లోపల పెట్టేసింది. డెబ్భై తొమ్మిదికి బరువు మిషన్ అటకెక్కింది. మాత్రలు మానేసింది. పమిట నిండుగా కప్పుకోవడం నేర్చుకుంది.

గంగరాజుకి తెలియదా అంటే, ఒకే మంచం మీద పడుకునే మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది? ఒకసారి, కాస్త ఒళ్ళు చేశావేమో అన్నాడు పాపం. నాగదుర్గ మూడు రోజులు పచ్చి గంగ ముట్టలేదు. అప్పటినుంచి ఆయన నోరు కుట్టేసుకున్నాడు.

మొక్కు మాత్రం వాయిదా పడుతూ వచ్చింది. మొదట నీరసం, తర్వాత మామగారు పోయి ఏడాది మైల, ఆ తర్వాత ఏదో ఒక వంక. ఈ ఏడు సంపూర్ణమ్మ పట్టుబట్టింది. "డెబ్భై దాటాను దుర్గా. అమ్మవారి అప్పు నెత్తిమీద పెట్టుకుని పోలేను," అంది. దానికి తోడు ఆడపడుచు కూతురు సత్యకుమారి ఉంది. ఇరవై రెండేళ్ళ పిల్ల, నూట ఏడు కిలోలు, అప్పుడే సుగరు. వచ్చే నెలలోనే దానికి హైదరాబాదులో ఆపరేషన్. "మా అత్త అంత అవుతానమ్మా," అని తల్లిని ఒప్పించుకుంది. జాతరకి ఆ పిల్లా వస్తోంది.

ఆ పది రోజులూ నాగదుర్గ మజ్జిగతేటా, నిమ్మకాయ నీళ్ళూ తప్ప ఏమీ పుచ్చుకోలేదు. దువ్వెన పెడితే జుట్టు చేతికొచ్చింది. పెరట్లో రెండుసార్లు కళ్ళు తిరిగి గోడ పట్టుకుని నిలబడింది. ఎలాగైనా ఇరవై ఆరు కిలోలు పది రోజుల్లో పోవాలి. పిచ్చి లెక్కే, ఆమెకీ తెలుసు. తెలిసినా ముత్యాలమ్మ వైపు తిరిగి దణ్ణం పెట్టేది. పోయినవి మూడే.

ఆదివారం పొద్దున్నే మిల్లు నుంచి ధాన్యం తూచే పెద్ద కాటా వచ్చింది. గుడి ముందు మూడు దూలాలు నిలబెట్టి వేలాడదీశారు. పది కిలోల బెల్లం దిమ్మలు ఏడు, పసుపు రాసి వరసగా పేర్చారు. గంగరాజు వచ్చినవాళ్ళందరికీ, "మా ఆవిడ అరవై ఎనిమిదండి, పైన రెండు అమ్మవారికి కొసరు," అని చెబుతున్నాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాగదుర్గకి భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఆయన ఎందుకలా చెబుతున్నాడో, నిజంగా నమ్ముతున్నాడో, లేక తన కోసం అబద్ధమాడుతున్నాడో తెలియలేదు.

కాటాలో కూర్చుంది. పళ్ళెం నేలకి ఆనింది. డప్పులు మోగాయి. ఒక్కొక్క దిమ్మా అవతలి పళ్ళెంలోకి ఎక్కుతోంది. ఐదు, ఆరు, ఏడు. ఏడోది పెట్టాక డప్పులు ఆగాయి. నాగదుర్గ పళ్ళెం నేల మీదనుంచి అంగుళం లేవలేదు.

"కాటాలో తేడా ఉందేమోనండి," అన్నాడు మిల్లు మనిషి. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. గంగరాజు నేల చూపులు చూస్తున్నాడు. నాగదుర్గ కళ్ళు మూసుకుంది. ఇప్పుడే ఇక్కడే ప్రాణం పోతే బాగుండునని మనసారా కోరుకుంది.

"ఆటోలో గోనె కింద ఇంకో మూడున్నాయి. దింపండి," అంది సంపూర్ణమ్మ. కొబ్బరికాయ అందుకోమన్నట్టే అంది.

మూడూ వచ్చాయి. రెండు వేశాక పళ్ళెం కదిలింది. మూడోదాన్ని పగలగొట్టి ఒక చెక్క వేశాక కాటా సరితూగింది. డప్పులు మళ్ళీ మొదలుపెట్టారు కానీ ఇందాకటి జోరు లేదు.

దిగుతుంటే సత్యకుమారి వచ్చి చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల కళ్ళనిండా భయం. "మళ్ళీ వచ్చేస్తుందా అత్తా?"

రాదమ్మా, నేను చూసుకోలేదు, రెండు కిలోలు పెరిగినప్పుడే వెళ్ళి ఉంటే డాక్టరు సరిచేసేవాడు, నువ్వు నాలా సిగ్గుపడకు అని చెప్పాలి. ఈలోగా ఆడపడుచు వచ్చి కూతురి భుజం పట్టుకుంది. "పద పదవే. అంత కోత కోయించుకున్నది ఇందుకా?" అంది. వాళ్ళు భోజనానికి కూడా ఆగలేదు. ఆపరేషన్ మానుకున్నామని సాయంత్రం ఫోను వచ్చింది.

చీకటి పడకముందే నాగదుర్గ వంటింట్లోకి వెళ్ళింది. సంపూర్ణమ్మ ఊళ్ళో పంచడానికి ప్రసాదం బెల్లం ముక్కలు కొడుతోంది.

"మీకెప్పటి నుంచి తెలుసు అత్తయ్యగారూ?"

"ఏంటమ్మా?"

"తొంభై అని."

"తొంభై అని తెలీదు. అందుకే మూడు తెచ్చాను," అంది ఆవిడ. ఇంకో ముక్క కొట్టి, తలెత్తకుండానే, "డబ్బా నింపేది నేనే కదమ్మా," అంది.

"మరిడమ్మ మొదట్లో వారానికి పది తెచ్చేది. వచ్చేపోయేవాళ్ళకి సరిపోయేవి. తర్వాత ఇరవై తెమ్మన్నాను. ఈ ఏడు నలభై. నువ్వు పగలు తీసినవి నేను సాయంత్రానికి పెట్టేసేదాన్ని. తరిగినట్టు కనిపిస్తే నువ్వు సిగ్గుపడి మానేస్తావేమోనని."

"మానేస్తాననే పెట్టారా?"

సుత్తి ఆగింది. "ఆ మొదటి ఏడు నీకు గుర్తుందో లేదో. గ్లాసుడు జావ తాగితే గంటసేపు కక్కేదానివి. రాత్రి లేచి నీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేదాన్ని, ఊపిరి ఉందా అని. అందరూ వచ్చి ఎంత సన్నబడిందో అనేవారు. నాకు మాత్రం శవాన్ని చూస్తున్నట్టుండేది. ఒకరోజు కొట్టుగదిలో నువ్వు పూతరేకు తింటూ కనిపించావు. కక్కలేదు. దేవుడి గదిలోకి పోయి ఏడ్చాను దుర్గా. నేను అమ్మవారిని అడిగింది నువ్వు బతకాలని. సన్నబడాలని కాదు."

కోపం వచ్చింది నాగదుర్గకి. ముంచుకొచ్చింది. కానీ అది ఎవరి మీద పడాలో తెలియలేదు. ఎదురుగా ఉన్నది డెబ్భై ఏళ్ళ ముసలిది, తన కోసం తడిబట్టలతో పరిగెత్తిన మనిషి. కొట్టుగదిలో తింటూ డబ్బాను సాక్ష్యం పెట్టుకున్నది తను. ఆ సాక్ష్యాన్ని రోజూ సాయంత్రం తిరగరాసింది ఈవిడ. నాలుగేళ్ళు ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు చాలా శ్రద్ధగా పనిచేశారు.

"ఇంక నింపకండి అత్తయ్యగారూ."

"నింపనమ్మా. ముత్యాలమ్మ మీద ఒట్టు."

మర్నాడు గంగరాజు అటక మీదనుంచి బరువు మిషన్ దింపి, దుమ్ము తుడిచి, గదిలో పెట్టాడు. హైదరాబాదు డాక్టరు ఫైలు కూడా తీసి దానిమీద పెట్టాడు. నాగదుర్గ రెండింటినీ చూసి, రేపు ఫోను చేస్తానంది.

మధ్యాహ్నం మూడయింది. ఇల్లంతా పడుకుంది. కాళ్ళు ఆమెను కొట్టుగదిలోకి తీసుకెళ్ళాయి. జాతర చుట్టాలకే డబ్బా ఖాళీ అయి ఉంటుంది కదా, ఊరికే చూద్దామని మూత తీసింది. అత్తగారు మాట నిలబెట్టుకుంది. నాలుగేళ్ళలో ఆ డబ్బా అడుగు చూడటం అదే మొదటిసారి. అడుగున నెయ్యి అంటిన పంచదార పొడి, రేకుల తునకలు కొన్ని ఉన్నాయి. నాగదుర్గ వేలు తడిచేసుకుని అద్దింది. నాకింది. మళ్ళీ అద్దింది. అంచుల్లో ఉన్నది గోటితో గీకింది.

తలెత్తేసరికి గుమ్మంలో సంపూర్ణమ్మ నిలబడి ఉంది. ఎప్పటినుంచి ఉందో. ఇన్నేళ్ళలో ఆ గదిలో ఇద్దరూ ఎదురుపడటం ఇదే మొదలు. ముసలావిడ కళ్ళనిండా నీళ్ళు.

"మరిడమ్మ వీధిలోనే ఉంది," అంది మెల్లగా. "పిలవమంటావా?"

వద్దు అన్న మాట నాగదుర్గ నోటిదాకా వచ్చింది. నోట్లో పంచదార ఉంది.