బహియా అల్లిన వల

మొగుడు పోయిన మూడో నెలకే బహియా మంచం మిద్దె మీదికి ఎక్కింది. కింది గదులు మరిది మెత్వల్లీవి, అతని పెళ్లాం నజాత్‌వి. మిద్దె మీద కోళ్ల దొడ్డి, దాని పక్కన రెల్లు పాక. ఆ పాకలో బహియా. పిల్లలు లేరు. సరస్సు ఒడ్డున అన్న ఉన్నాడు గానీ, ఆయన సంసారమే పడవలో కాళ్లు ముడుచుకుని పడుకుంటుంది.

"ఊరికే కూర్చోబెట్టి ఎవరు పెడతారక్కా?" అంది నజాత్ మొదటిరోజే. "కోళ్లకు పోసిన మేత సగం పిచ్చుకలే మెక్కుతున్నాయి. నువ్వు తోలు. నీ రొట్టె నువ్వు సంపాదించుకో."

తోలింది. పొద్దు పొడిస్తే చాలు, ఖర్జూరపు మట్ట పట్టుకుని ఎండలో కూర్చునేది. హుష్ హుష్ అని అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. ఇటు తోలితే అటు వాలేవి. పావురాలు మరీ సిగ్గులేనివి, ఆమె కాళ్ల సందులోంచే నడిచొచ్చి తినేవి. చలికాలానికి కళ్లకు పొర కమ్మింది. పిచ్చుకేదో నీడేదో తెలియక నీడల్నే కొట్టేది.

సాయంత్రం నజాత్ తొట్టిలో చెయ్యి పెట్టి చూసేది. మేత తగ్గిందా, రొట్టె చించి సగమే ఇచ్చేది.

"రెండో సగమేదమ్మా?"

"పొద్దుట్నుంచీ నీ చుట్టాలు తిన్నారుగా. వాళ్లనడుగు."

మెత్వల్లీ నవ్వేవాడు. "పోనీ వదినా, దొడ్డి మధ్యలో దిష్టిబొమ్మను పెట్టనా? దానికి రొట్టె ఖర్చుండదు."

ఆ మాట బహియాకు గుండెల్లో దిగింది. సగం రొట్టయినా ఈ పాక ఒక్కటే తనకున్న చోటు. మేత ఇలాగే తగ్గుతూ పోతే అదీ పోతుంది.

అన్న చేపలు అమ్ముకోను సంతకొచ్చినప్పుడు పాత వలల దారం అడిగి తెచ్చుకుంది. మట్ట ఒళ్లో పెట్టుకుని, నోటితో పిచ్చుకల్ని తోలుతూ, చేత్తో అల్లింది. దానికి చూపు అక్కర్లేదు. నడక కన్నా ముందు నేర్చిన పని అది. చిన్న చేపల వలకు వేసే సన్న కన్ను. పిచ్చుక తల దూరినా ఒళ్లు దూరదు. దొడ్డి మొత్తం కప్పేసింది.

తెల్లారి పిచ్చుకలు వచ్చాయి. పిట్టగోడ మీద బారుగా కూర్చుని గోల చేశాయి. ఒకటి తల దూర్చి ఇరుక్కుంది. బహియా తడుముకుంటూ విడిపించబోయింది.

"ముట్టుకోకు!" అని అరిచింది నజాత్. "దాన్ని చూస్తే మిగతావి రావు."

అది మధ్యాహ్నం దాకా కొట్టుకుంది.

సాయంత్రానికి తొట్టిలో మేత కోళ్లు తిన్నది పోను అలాగే ఉంది. నజాత్ రొట్టె మొత్తం ఇచ్చింది. ఆ పూట బహియా రేపటికని ముక్క దాచుకోలేదు.

మర్నాడు మెత్వల్లీ మిద్దెక్కి వలను రెండు చేతులా గుంజి చూశాడు.

"భేష్ వదినా! ఒంటె మీద పడ్డా తెగదు." పెళ్లాం వైపు తిరిగాడు. "ఇంకేం, పాకలో బాతుల్ని పెట్టుకో."

"మరి నేనెక్కడ పడుకోను?" అంది బహియా.

"పిచ్చుకలు లేవుగా, ఇక్కడుండి ఎవర్ని తోలతావు? మీ అన్నకు కబురంపాను. రేపు సంతయ్యాక పడవ ఖాళీగానే పోతుంది."

"మెత్వల్లీ, నీ అన్న పెళ్లాన్నిరా నేను."

"అన్న పోయాడుగా," అని మెట్లు దిగాడు.

మూట కట్టుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. పొద్దున్నే నజాత్ దారపు ఉండ పట్టుకుని ఎదురుగా కూర్చుంది.

"పోయేముందు ఆ ముడి నేర్పి పో అక్కా. బాతులకూ కావాలి."

బహియాకు జారుముడి గుర్తొచ్చింది. చూపుకు తేడా తెలియదు. రెండు గాలులు కొడితే నజాత్ అల్లే వల మొత్తం ఊడిపోతుంది. బాతుల మేత మీద పిచ్చుకలు దిగుతాయి. తోలడానికి రమ్మని మళ్లీ తనకు కబురొస్తుంది. అదే చూపిద్దామనుకుని దారం అందుకుంది.

వేళ్లు వాటి దారిన అవి పోయాయి. చుట్టు, దూర్చు, బిగించు. నజాత్ లాగి చూసింది, కదల్లేదు. బహియా పళ్లు బిగబట్టి ఇంకోటి వేసింది. అదీ బిగిసింది. ఆ చేతులకు వదులు ముడి వేయడం రాలేదు.

నజాత్ తనూ ఒకటి వేసింది. బాగానే కుదిరింది.

"ఇంతేనా?" అంది.

"ఇంతే," అంది బహియా.