మస్కట్ కాగితం

మస్కట్ నుంచి భవానీదేవి వస్తోందంటే కొత్తపేటలో ముందు అట్టపెట్టెలు దిగుతాయి, తర్వాత సెంటు వాసన దిగుతుంది, ఆ తర్వాతే మనిషి దిగుతుంది. రెండువేల ఒకటో సంవత్సరం వేసవిలో కూతురి ఓణీల ఫంక్షనుకి వచ్చినప్పుడూ అంతే. ఈసారి పెట్టెలోంచి ఓ చుట్ట తీసింది. చూడ్డానికి ఉత్త ప్లాస్టిక్ కవరు. వచ్చినవాళ్ళందరికీ చూపించి, తనివి తీరాక, ఊళ్ళోవాళ్ళకి ఎంబ్రాయిడరీ కుట్టిపెట్టే తోటికోడలు పార్వతి చేతిలో పెట్టింది.

"అక్కా, అక్కడ ఎంబ్రాయిడరీ కింద ఇదే వేస్తారు. ఫారిన్ కాగితం. నీ న్యూస్‌పేపర్లూ, గంజీ నా కూతురి ఓణీకి తగలనివ్వకు. నల్లమరక అంటిందంటే మా ఆయన పరువు పోద్ది."

పార్వతికి ఒళ్ళు మండింది. గుడ్డ కింద బిగువుగా ఏదో ఒకటి లేకపోతే, సూది దిగేటప్పుడు గుడ్డ గుంజుకుపోయి ముడతలు పడుతుంది. ఆ సంగతి ఈవిడ విమానం ఎక్కకముందే పార్వతికి తెలుసు. మామూలు గుడ్డకి పాత పేపరు, పల్చటిదానికి గంజి, కుట్టు బరువైతే మామగారి పాత పంచె ముక్క. ఇంట్లో ఉన్నవాటితోనే ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది. ఆవిడ కుట్టిన జాకెట్టు వేసుకుని ముడతలతో పీటల మీద కూర్చున్న పెళ్ళికూతురు ఊళ్ళో ఒక్కతీ లేదు. అయినా పిల్ల మొహం చూసి ఊరుకుంది.

ఓణీ పల్చటి ఆర్గంజాది. అంచు పొడుగునా కింద ఆ కవరు వేసి, గుడ్డ కదలకుండా రింగు బిగించి కుట్టింది. కుట్టు చక్కగా పడింది. ఆ మాట ఒప్పుకోవడానికి పార్వతికి ప్రాణం ఒప్పలేదు. చివరికి డిజైను గీసిన నీలం గీతలు పోవాలని బేసినులో నీళ్ళు పోసి ముంచింది. వేళ్ళకి బెండకాయ జిగురులా తగిలింది. పైకి తీసి చూస్తే ఓణీ ఉంది, పువ్వులున్నాయి, కవరు లేదు. బేసినంతా తడిమినా చేతికి ఏమీ తగల్లేదు. ఆ నీళ్ళు పెరట్లో కొబ్బరిచెట్టుకి పోసేసింది. మిగిలిన జానెడు ముక్కని ఓణీతో పాటే సంచిలో పెట్టి ఇచ్చేసింది.

ఫంక్షను రోజున పందిట్లో ఆడవాళ్ళంతా ఓణీని మెచ్చుకుంటుంటే భవానీదేవి ఆగలేకపోయింది.

"పైన చూస్తే ఏముందండీ, వెనక చూడండి. మస్కట్ కాగితం ఉంటది" అంటూ కూతురి భుజం మీద ఓణీ తిరగేసింది.

వెనక ఏమీ లేదు.

"అక్కా, నా కాగితం ఏది?"

"నీళ్ళల్లో ముంచితే కరిగిపోయింది భవానీ."

"ప్లాస్టిక్ నీళ్ళల్లో కరుగుద్దా? నీ పేపరు పెట్టి కుట్టేసి, నా చుట్ట దాచేసుకున్నావు. ఇదిగో చూడండి, అంత చుట్ట ఇస్తే ఈ ముక్క తెచ్చి మొహాన కొట్టింది. అడిగితే ఇచ్చేదాన్ని గదా, దొంగతనం ఎందుకు?"

తింటున్న బూందీ ఎవరి చేతిలోది వాళ్ళ చేతిలోనే ఆగిపోయింది. ఈ మాట సాయంత్రానికల్లా కొత్తపేటంతా చుట్టేస్తుంది. పార్వతిని నమ్మి పట్టుచీరలు ఇచ్చేవాళ్ళు రేపటినుంచి కొలుచుకుని ఇస్తారు, కొలుచుకుని తీసుకుంటారు. ఆ తలపుకి ఆవిడకి కోపం వచ్చింది. భవానీ చేతిలో ముక్క లాక్కుని, పక్కావిడ మంచినీళ్ళ గ్లాసులో వేసి, చెంచాతో తిప్పింది.

"ఇప్పుడు తీసి చూపించు."

భవానీదేవి గ్లాసులోకి చూసింది. ఆవిడతో పాటు పందిరంతా చూసింది. అందులో కాస్త చిక్కబడ్డ నీళ్ళు తప్ప ఏమీ లేవు.

అత్తగారు రాజేశ్వరమ్మ గ్లాసు అందుకుని, ఇటూ అటూ తిప్పి చూసి కింద పెట్టేసింది.

"దీనికేనా ఇంత హడావిడి చేసేవు? గంజి కూడా ఉతికితే పోద్ది గదే. అది మనింట్లో రోజూ వారుస్తాం. దానికోసం మస్కట్ వెళ్ళక్కర్లేదు."

పందిరి పందిరంతా నవ్వింది. సిగ్గుపడిందా భవానీదేవి? అంత తీరిక ఆవిడకెక్కడిది! "ఫారిన్ సరుకంటే అలాగే ఉంటదండి, పనయ్యాక కనపడదు" అని సర్దుకుని, బూందీ వడ్డించమని కేకేసింది. దొంగతనం మాట మాత్రం ఎత్తలేదు. అది ఎవరో అని వెళ్ళిపోయిన మాట అన్నట్టు ఊరుకుంది.

తిరుగు ప్రయాణానికి ముందు భవానీదేవి జాకెట్టు గుడ్డ పట్టుకుని, పార్వతి కుట్టుకునే గది గుమ్మంలోకి వచ్చింది.

"అక్కా, చేతుల మీద చిన్న లతలు వేసిపెట్టవూ? గంజి పెట్టేయి, పర్లేదు."

"ఆయ్, వేస్తాను. గుడ్డ తర్వాత ఇద్దువుగాని, ముందు లోపలికి రా."

పార్వతి లేచి మిషను సొరుగు ఊడలాగి నేలమీద పెట్టింది. బీరువా తలుపులు రెండూ బార్లా తీసింది. మంచం కింద ట్రంకుపెట్టె కూడా ముందుకి జరిపింది.

"నీ చుట్ట ఇందులో ఎక్కడా లేదని బాగా వెతుక్కో. వెతకడం అయ్యాక జాకెట్టు గుడ్డ అక్కడ పెట్టి వెళ్ళు."

భవానీదేవి గుమ్మం దాటలేదు. పార్వతి మాత్రం రింగు కింద పాత పేపరు సర్దుకుని, తన కుట్టులో పడింది.