నా పేరు మీద గెలిచినవాడు

ఆ కప్పు మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఉంది. దాని మీద వెర్లన్ ప్రూయిట్ అని నా పేరే చెక్కి ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

మా జార్జియాలో కారు పందెమంటే గుండ్రటి బాటే. ఎడమకి తిప్పు, మళ్ళీ ఎడమకి తిప్పు, చచ్చేదాకా ఎడమకే తిప్పు. అలాంటిది ఎవడో మారాజుకి బుద్ధి పుట్టి, హార్లీ కొండ చుట్టూ తారు రోడ్డు పోయించి, మా మొద్దు కార్లకి అక్కడ పందెం పెట్టాడు. ఎత్తులు, పల్లాలు, కుడి మలుపులు, అన్నీ ఉన్నాయి. మూడేళ్ళకే ఆ పందెం మూతపడింది. నేను చెప్పేది మూడో ఏడు సంగతి.

అప్పటికి నా జుట్టు నెరిసింది గానీ ఒక్క పందెమూ గెలవలేదు. ఈసారి గెలిచి తీరాలనుకున్నాను. సరిగ్గా పందెం ముందు, పైకెత్తిన ఇంజను జారి నా ఎడమ పాదం మీద పడింది. మోకాలిదాకా పిండికట్టు వేశారు.

కారు యజమాని హాయిట్ కాలిఫోర్నియా నుంచి కార్విన్ అనే కుర్రాణ్ణి దింపాడు. తెల్లటి చేతి తొడుగులూ, నున్నటి గడ్డమూ. కొండ రోడ్ల మీద ఆరితేరినవాడట.

"ఒరేయ్ వెర్లన్, ఈ ఏటి పాయింట్లు పోగొట్టుకోకు. మొదటి చుట్టు నువ్వు నడిపి దిగిపో. ఆపైన ఇతను చూసుకుంటాడు," అన్నాడు హాయిట్.

మా పందేల్లో ఆచారం అది. ఆకుపచ్చ జెండా ఊపినప్పుడు కారులో ఎవడుంటే ఫలితమూ పాయింట్లూ వాడివే. తర్వాత ఎవడు ఎక్కి నడిపినా వాడి పేరు లెక్కలోకి రాదు.

"నా సీట్లో వాడు కూర్చుంటాడా?" అన్నాను.

"కూర్చోక, నిలబడి నడుపుతాడేంటి?" అంది నా భార్య నదీన్.

పిండికట్టుతోనే క్లచ్ తొక్కుతూ ఒక్క చుట్టు తిరిగాను. నొప్పికి కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. దిగి కార్విన్‌కి కారిచ్చేసరికి మేము అందరికన్నా వెనక ఉన్నాం.

ఇక చూడండి వాడి తడాఖా! మావాళ్ళంతా కుడి మలుపు వస్తే ముసలి గేదెల్లా తడబడుతున్నారు. నా కారూ ఎడమకి తిరగడానికి పుట్టిందే. అయినా వాడి చేతిలో అది కొండ దిగువ కుడి మలుపులో వెన్నలో కత్తిలా దిగిపోతోంది. ఒక్కొక్కణ్ణీ దాటుకుంటూ వస్తున్నాడు. జనం లేచి నిలబడి వాడి పేరే అరుస్తున్నారు.

"ఇంజను పేలిపోవాలి. చక్రం ఊడిపోవాలి," అని గొణిగాను.

నదీన్ విననే విన్నది. "ఏమయ్యా, ఎవరిదా సీటు?"

"నాదే."

"గెలిస్తే ఎవరికి పేరు?"

"నాకే."

"మరి ఎవరిని తిట్టుకుంటున్నావు?"



ఆఖరిసారి పెట్రోలు పోయించుకోవడానికి వచ్చేటప్పటికి కార్విన్ అందరికన్నా ముందున్నాడు. నేను కర్ర ఊతంతో కుంటుకుంటూ వెళ్ళి కిటికీలోంచి వాడి భుజం పట్టుకున్నాను. "దిగవోయ్! ఇక నేనే నడుపుతాను!"

"ఒరేయ్, నీకు మతి పోయిందా? క్లచ్ ఏ కాలితో తొక్కుతావు?" హాయిట్ గొంతు చించుకున్నాడు.

కార్విన్ మాత్రం నా మొహం చూశాడు. బెల్టు విప్పడం మొదలుపెట్టాడు. "మీ సీటండీ. మీ ఇష్టం."

వాడు దిగనని పోట్లాడి ఉంటే ఎలాగైనా లాగి పడేసేవాణ్ణి. ఇచ్చేస్తానంటుంటే ఏం చేసేది? వాణ్ణి దాటి ఒక కారు రివ్వున పోయింది. "పోరా, పో!" అన్నాను. నా గొంతు నాకే ఏడుపులా వినిపించింది.

పోయిన స్థానాన్ని వాడు ఆ కుడి మలుపులోనే తిరిగి పట్టాడు. గెలిచాడు.

"విజేత, వెర్లన్ ప్రూయిట్!" అంది మైకు. నన్ను వేదిక ఎక్కించి కప్పు చేతిలో పెట్టి ఫోటో తీశారు. కార్విన్ కంచె దగ్గర ఒంటరిగా సోడా తాగుతూ చప్పట్లు కొట్టాడు.

ఆ చలికాలమంతా మా పచ్చిక బీట్లో పీపాలు నిలబెట్టి కుడి మలుపులు నేర్చుకున్నాను. వచ్చే ఏడు నా చేతులతో నేనే గెలవాలని. వసంతం వచ్చేసరికి హార్లీ కొండ అమ్ముడుపోయి, రోడ్డు మీద ఇళ్ళు లేస్తున్నాయి. ఆ పందేనికి ఆఖరి విజేతగా నేనే మిగిలిపోయాను.

చాలా ఏళ్ళకి కార్విన్ మా ఇంటికి వచ్చాడు. బట్టతలా, బొజ్జా వచ్చాయి.

"ఆ కప్పు ఒకసారి చూడనిస్తారా?" అన్నాడు.

చేతికిచ్చాను. నా పేరు మీద బొటనవేలు పెట్టి నెమ్మదిగా నిమిరాడు. "మీ పందేల్లో నేను గెలిచింది ఇదొక్కటే. నా పేరు ఎక్కడా లేదు. మిమ్మల్ని తలుచుకుంటే ఇప్పటికీ కుళ్ళుగా ఉంటుందండీ."

"నన్ను చూసి కుళ్ళా?" నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కోపమొచ్చింది. "తీసుకుపో అయితే!"

"మీ పేరున్నది నేనేం చేసుకోను?" అని ఫ్రిజ్ మీద పెట్టేశాడు.

నదీన్ ఇద్దరికీ కాఫీ పోసింది. ఒక గుక్క తాగి వాడే అడిగాడు. "ఆ ఆకుపచ్చ జెండా లేచినప్పుడు కారులోంచి ఎలా కనిపించింది?"

చెప్పాను. మళ్ళీ చెప్పమన్నాడు, మళ్ళీ చెప్పాను. తర్వాత నా కుర్చీ వాడి దగ్గరికి జరుపుకున్నాను.

"ఇప్పుడు నువ్వు చెప్పు," అన్నాను. "ఆ కుడి మలుపు ఎలా తిప్పావు?"