పొగచూరిన చాయ్

శామీర్‌పేటలో నాగమణి షేర్ ఆటో ఎక్కితే, కూర్చున్నవాళ్లు జరిగి రెండు చోట్లు ఇచ్చేవాళ్లు. ఒకటి ఆమెకు, ఒకటి ఆమె పొగకు.

పొద్దున్నే తుమ్మకట్టెలతో పొయ్యి ముట్టించి, అన్నం వండి, డబ్బా కట్టుకుని ఆమె బయల్దేరగానే ఆ పొయ్యి పొగ కూడా వెనకే బయల్దేరేది. ఆమె తల్లి పొగా అంతే, అవ్వ పొగా అంతే. ఆ ఇంటి ఆడవాళ్ల పొగ ఆకాశం దారి పట్టింది ఎన్నడూ లేదు.

మేడ్చల్‌లో పరమేశ్‌కు తేయాకు తెప్పించి చాయ్‌పత్తి ప్యాకెట్లు కట్టే గోదాం ఉంది. అందులో నాగమణి పద్నాలుగేళ్లుగా పనిచేస్తోంది. చాయ్‌పత్తికి ఏ వాసనైనా ఇట్టే పట్టుకుంటుంది గనక, పొగను గేటు దగ్గరే వాచ్‌మన్ బక్కయ్యకు అప్పజెప్పి లోపలికి వెళ్లేది. బక్కయ్య దాన్ని తన స్టూలు పక్కన నీడకు కూర్చోబెట్టుకునేవాడు. ఇన్నేళ్లలో అది ఒక్కసారి కూడా గేటు దాటలేదు. మనుషులకైనా అంత బుద్ధి ఉండదు.

నాగమణికున్న దురలవాటు ఒకటే, చాయ్ జుర్రుతుంది. సాసర్లో పోసుకుని, పక్కింటికి వినపడేట్టు. "ఆడివిల్ల అట్ల జుర్రుతదా?" అని తల్లి నెత్తిన మొట్టని రోజు లేదు. మొట్టినా మానలేదు. జుర్రితేనే రుచి నాలుకంతా పరుచుకుంటుందని ఆమె వాదన.

ఆ మంగళవారం పరమేశ్ ఆఫీసు గదిలో చైనా నుంచి వచ్చిన పెట్టె తెరిచాడు. సిటీలో చాయ్ దుకాణం నడిపే భవిత ఆర్డరు అది. ఆమె చెప్పిన పేరుతో తెప్పించాడు గాని, ఆ పత్తి ఎట్లా ఉంటుందో అతనికి తెలియదు. మూత తీయగానే గుప్పున పొగ వాసన కొట్టింది.

"పొగచూరింది!" అని నెత్తి పట్టుకున్నాడు.

మన దగ్గర ఆ మాటకు తిరుగులేదు. పాలు పొగచూరితే పారబోస్తాం, పప్పు పొగచూరితే వండినామెను తిడతాం. తిట్టడానికి మనిషిని వెతుక్కోవలసిన పని పరమేశ్‌కు లేకపోయింది.

"నీ పొగనే లోపల్కి జొర్రింది నాగమణీ. నీ తప్పుతోని మాల్ ఖరాబయిందని కాయితం రాసిన. సంతకం పెట్టి ఇంటికి పో. రేపటి సంది రాకు."

"నా పొగ గేటు దాటలే సారూ. బక్కయ్య కాకను అడుగుండ్రి."

"అడిగేదేంది? వాసన వస్తలేదా?"

"వస్తాంది. వస్తే నాదేనా? దునియాల పొయ్యిలన్నీ నాయేనా?" ఆమె కాగితాన్ని వెనక్కి తోసేసింది. "జెయ్యని తప్పుకు సంతకం పెట్ట. మెడ మీద కత్తి పెట్టినా పెట్ట."

భయం లేక కాదు. పని పోతే తినేదేమిటో ఆమెకూ తెలియదు. కాని ఆ సంతకం పెడితే రేపు మేడ్చల్‌లో ఏ గోదామూ ఆమెను గేటులోకి రానివ్వదు.

పదకొండు గంటలకు భవిత వచ్చేసరికి నాగమణి ఇంకా అక్కడే నిలబడి ఉంది. పనామె పొయ్యి పొగ సోకి సరుకు పొగచూరిందనీ, తప్పు ఆమెదేననీ పరమేశ్ చేతులు నలుపుకుంటూ చెప్పాడు.

భవిత నవ్వింది. "ఈ పత్తిని పైన్ కట్టెల పొగ మీదే ఆరబెడతారు పరమేశ్ గారూ. పొగ వాసన రాకపోతేనే నాకొద్దు."

పరమేశ్ మొహం వెలిగింది. అంతలోనే ఆమె నవ్వు ఆపేసింది. "కానీ ఈమె పొయ్యి పొగ కూడా కలిసిందని మీరే అంటున్నారు. కలిసుంటే మాత్రం తీసుకోను. రెండూ పొగలే కదా, ఎట్లా తెలిసేది?"

పరమేశ్ గుటకలు మింగాడు. అన్న మాటను మింగడం మాత్రం అతని వల్ల కాలేదు.

"నేను జెప్త," అంది నాగమణి. "తినకుంట ఉప్పెక్కువైందంటరా ఎవరన్న? ముందు చాయ్ కాయుండ్రి."

పరమేశ్ పాల ప్యాకెట్ అందుకోబోతే భవిత వద్దంది. తెల్ల కప్పులో చెంచాడు నల్లటి పత్తి వేసి, కళపెళ మరిగే నీళ్లు పోసి, నాలుగు నిమిషాలు మూతపెట్టింది. పాలు లేవు, చక్కెర లేదు. వడగడితే రాగి రంగు దిగింది. భవిత చెంచాతో తీసుకుని జుర్రుమని పీల్చింది. అంత చదువుకున్నామె అంత చప్పుడు చేసేసరికి నాగమణి నోరు తెరిచింది.

"ఇట్లాగే రుచి చూడాలమ్మా. అప్పుడే నాలుకంతా తెలుస్తుంది."

తల్లి మొట్టికాయలన్నీ నాగమణికి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. గర్వంతో ఒళ్లు పొంగింది. సాసర్లో పోసుకుని తనూ జుర్రింది.

"గుగ్గిలం వాసన కట్టె ఇది. మొదలు గొంతుల గరుకుగ తాకి, ఎనుక తియ్యగయితాంది. నాది తుమ్మకట్టె. తుమ్మకు తీపి యాడిది? నమ్మకుంటే దాన్నే అడుగుదం." గేటు వైపు తిరిగి కేకేసింది. "దా!"

బక్కయ్య లేచి దారిచ్చాడు. పద్నాలుగేళ్లలో మొదటిసారి పొగ గేటు దాటి ఆఫీసు గదిలోకి వచ్చింది. నాగమణి మొదట తన అన్నం డబ్బా మూత తీసింది. పొగ అన్నం మీద వాలి, దూడను నాకే ఆవులా చుట్టూ తిరిగింది. తర్వాత చాయ్ కప్పు చూపించింది. పొగ వంగి వాసన చూసింది. పరాయి దూడ దగ్గరికి వచ్చినట్టు పక్కకు జరిగి, వెళ్లి నాగమణి వెనక నిలబడింది.

"సూసిండ్రా సారూ? నాది కాదంటాంది."

భవిత సరుకు తీసుకుంది. పోతూ పోతూ, ఇకమీదట తన పెట్టెలన్నీ ఈమె రుచి చూసి సరేనంటేనే పంపమని చెప్పింది.

పరమేశ్ గొంతు సవరించుకున్నాడు. "రేపటి సంది రుచి సూసుడు నీ పనే నాగమణీ. గా పొగను మాత్రం గేటు బయటనే..."

"గేటు బయట కూసునుడు ఇయ్యాల్టితోని అయిపోయింది సారూ. దాన్ని దొంగను జేసింది మీరు. మిమ్ముల గట్టెక్కిచ్చింది అది. గోదాంలకు రావద్దని దానికెరుకే. ఈ ఆఫీసుల మాత్రం నా పక్కకే ఉంటది. గా కాయితం ఇటియ్యుండ్రి."

మర్నాడు ఆ కాగితంతోనే పొయ్యి ముట్టించింది. ఆటోలో వాళ్లు ఎప్పట్లాగే జరిగి రెండు చోట్లు ఇచ్చారు. గేటు దగ్గర బక్కయ్య అలవాటుగా స్టూలు పక్కకు జరిపాడు గాని, పొగ ఆగకుండా ఆమె వెంటే లోపలికి నడిచింది. కాసేపటికి ఆఫీసు గదిలో నాగమణి జుర్రిన చప్పుడు అతనికి గేటు దాకా వినపడింది.