సూర్యుడికి లైన్ క్లియర్

ఊరందరికీ కరెంటు అమ్ముకునే ఆఫీసు, తన కరెంటు తాను వాడకుండా బతకాలట. పెద్దాఫీసు పెట్టిన హరిత లక్ష్యం అది. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా ఆఫీసు వాడకం మేడమీది సోలార్ పలకల ఉత్పత్తికి మించకూడదు. అది చూడటానికి చీఫ్ ఇంజనీరు స్వయంగా వస్తున్నాడు.

లక్ష్యం తప్పితే మిగతావాళ్లకు పోయేదేమీ లేదు. ఇంజనీరమ్మకు మాత్రం ప్రాణం గిలగిల్లాడుతోంది. భర్తా, ఐదేళ్ల కూతురూ ఉన్న ఊరికి బదిలీ కోసం ఆమె రెండేళ్లుగా కాళ్లరిగేలా తిరుగుతోంది. "లక్ష్యం సాధించండి, అక్కడికక్కడే సంతకం పెడతా" అన్నాడు చీఫ్. ఆ సంతకం పడితే సోమవారం నుంచి పిల్లకు జడ తనే వేస్తుంది. ఇప్పుడు వాళ్ల నాన్న వేస్తున్న జడ చూస్తే ఎవరికైనా జాలేస్తుంది.

పలకల మీద వేలితో పేరు రాసేంత దుమ్ముంది. కడగమంటే ఫోర్‌మన్ బాబాయి కదల్లేదు. ఆయన ముప్ఫై ఏళ్లుగా ఆపరేటర్ చేత కరెంటు ఆపించి, లైన్ క్లియర్ అనే కాగితం చేతికొస్తే గానీ తీగ ముట్టుకోని మనిషి. పని అయ్యాక ఆ కాగితాన్ని తీసుకున్నవాడే తిరిగి ఇవ్వాలి. అప్పటిదాకా బ్రహ్మదేవుడు దిగొచ్చినా స్విచ్ వెయ్యరు.

"లైన్ క్లియర్ ఇప్పించండి మేడమ్."

"స్విచ్ ఆపేస్తాం కదా బాబాయ్."

"స్విచ్ ఆపితే సూర్యుడు ఆగుతాడా? ఎండ ఉన్నంతసేపూ పలకలో కరెంటు పుడుతూనే ఉంటుంది."

ఆపరేటర్ నెత్తి కొట్టుకున్నాడు. "సూర్యుణ్ణి ఆపే మీట నా బోర్డులో లేదు మహాప్రభో."

మూడు రోజులు ఇదే రామాయణం. ఎవరో మహానుభావుడు పలకలకు దుప్పట్లు కప్పుదామన్నాడు. కప్పారు కూడా. కప్పినవాటిని కడగడమెలాగో తోచక మళ్లీ తీశారు. చివరికి తనిఖీ రోజునే, పొద్దు పొడవకముందు కడగడానికి బాబాయి ఒప్పుకున్నాడు. ఆపరేటర్ సోలార్ స్విచ్ ఆపి, కాగితంలో "ఆపినవి" అన్న గడిలో "స్విచ్, సూర్యుడు" అని రాశాడు. సూర్యుడి తరఫున ఎవరు సంతకం చెయ్యాలని కాసేపు తగువులాడుకున్నాక, ఆ పాపం ఇంజనీరమ్మే నెత్తిన వేసుకుంది.

ఎనిమిదింటికి చీఫ్ దిగాడు. పలకలు తళతళలాడుతున్నాయి, ఎండ చుర్రుమంటోంది, సోలార్ మీటరు మాత్రం సున్నా దగ్గర మొరాయించింది.

"లైన్ క్లియర్ తిరిగి రాలేదు సార్," అన్నాడు ఆపరేటర్.

బాబాయి జాడ లేదు. మేడంతా వెతికారు. ఫోన్ చేస్తే ఆయన బల్ల సొరుగులోంచే మోగింది.

"మేడమీద లేడుగా, స్విచ్ వేసేయండి," అన్నాడు చీఫ్.

ఇంజనీరమ్మ స్విచ్‌కు అడ్డంగా నిలబడింది. "వెయ్యను సార్. ఏ మూల ఏ తీగ పట్టుకుని ఉన్నాడో తెలీదు. కాగితం ఆయన దగ్గరే ఉంది."

"బదిలీ అక్కర్లేదా?"

"కావాలి సార్. చాలా కావాలి." అయినా స్విచ్ వెయ్యలేదు, ఎవర్నీ వెయ్యనివ్వలేదు.

తొమ్మిదింటికి బాబాయి రొప్పుతూ వచ్చాడు. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప నిండా సబ్బు నురగ, మెడలో సెలూన్ తువ్వాలు. పెద్దసారు వస్తున్నారు కదా అని గడ్డం గీయించుకోడానికి వెళ్లి కుర్చీలోనే నిద్రపోయాడట. కాగితం తిరిగి ఇచ్చాడు, స్విచ్ పడింది. గంట ఎండ మాత్రం గంగలో కలిసింది.

ఆ గంటను పూడ్చాలంటే వాడకం తగ్గించడమొక్కటే దారి. ఏసీలు ఆపారు, కంప్యూటర్లు ఆపారు, ఉత్తరాలు చేత్తో రాశారు. చీఫ్ కూర్చున్న గదిలో ఫ్యాన్ ఆపింది బాబాయే. సగం గడ్డంతోనే ఆ స్విచ్‌కు వీపు ఆనించి సాయంత్రం దాకా నిలబడ్డాడు. నాలుగయ్యేసరికి చీఫ్ చొక్కా పిండితే బకెట్ నిండేలా ఉంది. పాపం, ఆయన బదిలీ ఫైలుతోనే విసురుకుంటున్నాడు.

ఐదింటికి మీటర్లు చూశారు. వాడకం కంటే ఉత్పత్తి రెండు యూనిట్లు ఎక్కువ.

"సరే, ఇకనైనా ఆ ఫ్యాన్ వెయ్యవయ్యా," అన్నాడు చీఫ్.

"ముందు సంతకం సార్."

చీఫ్ గుర్రుగా చూశాడు. చెమట కారుతున్న చేత్తోనే బరబరా సంతకం గీకాడు. ఇంజనీరమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

బాబాయి స్విచ్ ముందు నుంచి కదల్లేదు.

"పెట్టానుగా సంతకం. ఇంకా ఏంటి?"

"ఏం లేదు సార్," అన్నాడు బాబాయి తల వంచుకుని. "మేడమ్ వెళ్లిపోతారని ఇప్పుడే తట్టింది."