అత్తగారి వెనక గాలి

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు నిద్ర లేచేది కుట్టుమిషను. అత్తగారు దానికి రెండు చుక్కల నూనె పోసి, గుడ్డతో తుడిచి, నిన్నటి పనిలో ఎక్కడైనా తప్పు కుట్టు పడిందేమోనని వెతికేది. దొరికితే బట్ట మొత్తం విప్పేసేది. కాలరు వంకరగా కుట్టాడని ఎదురు కొట్టు టైలరుతో పదిహేనేళ్లుగా మాటల్లేవు. ఆ చొక్కా ఆవిడది కూడా కాదు. అయినా వంకర వంకరే.

ఆవిడ వెనక గాలి వీచదు.

ఆ వీధి ఎత్తు మీద ఉంటుంది. ఎప్పుడూ ఒకటే ఈదురుగాలి. ఆవిడ గుండీలు కొనడానికి బయలుదేరితే పేపరు చదువుకునేవాళ్లు పేపరుతో సహా వెనక చేరతారు. జుట్టు దువ్వుకోవాల్సినవాళ్లు నాలుగడుగులు వెంట నడిచి, పని కాగానే సందు తిరుగుతారు. సిగరెట్టు ముట్టించుకోవాలనుకునేవాడికి మాత్రం ఆ సౌకర్యం లేదు. వాడు అగ్గిపుల్ల తీసేసరికి ఆవిడ పక్కకి జరుగుతుంది.

ఇన్నేళ్లలో ఆవిడకి తీరని సందేహం ఒక్కటే. తన వెనక ఎలా ఉంటుందో తనకి తెలియదు. ఎప్పుడు చూసినా గాలి మొహానికే కొడుతుంది, కళ్లు నీళ్లు కారుతూనే ఉంటాయి. కనబడినవాళ్లందరినీ అడిగేది.

"గదిలో ఉన్నట్టుంటుందండీ," అన్నాడు పోస్టుమాన్.

"ఏ గది? కిటికీ ఉన్నదా, లేనిదా?"

పోస్టుమాన్ బుర్ర గోక్కున్నాడు. కొడుకుని అడిగితే, "నేను పుట్టినప్పట్నుంచీ అక్కడే ఉన్నాను కదమ్మా, నాకేం తెలుస్తుంది?" అన్నాడు.

"అంత ఫీజులు కట్టి చదివిస్తే ఒక్క ముక్క చెప్పడం రాదు," అని మిషను తొక్కేది.

కోడలు కట్టుడు పళ్లు తయారుచేసేచోట పనిచేస్తుంది. సాయంత్రం జుట్టులో తెల్లటి పిండితో ఇంటికొచ్చి, మొహం కడుక్కోకముందే టీవీలో సైకిల్ పందెం పెట్టేది. ఎక్కడో దూరదేశంలో కొండలెక్కి దిగే పెద్ద పెద్ద ఆటగాళ్ల పందెం. అత్తగారు మొదట్లో వాళ్ల చొక్కాల కుట్టు చూడడానికి వచ్చి కూర్చుంది. తర్వాత లేవడం మానేసింది.

"ఈ నలుగురూ ఎందుకు ముందు పడి చస్తున్నారు?"

"గాలిని కోస్తున్నారత్తయ్యా. వెనకున్న ఐదో అతను వాళ్ల నాయకుడు. అతనికి గాలి తగలకుండా తీసుకెళ్లి కొండ కింద దింపుతారు."

అత్తగారు కుర్చీ ముందుకు లాక్కుంది. తను చేసే పనికి జీతాలిచ్చే దేశాలున్నాయని ఆవిడకి ఆ రోజే తెలిసింది.

వాళ్లలో పచ్చ చొక్కావాడు ఒకడున్నాడు. పొద్దస్తమానం ఇంకొకడి వీపు చాటున దాక్కుని, చివర్లో ఒక్క ఉదుటున ముందుకొచ్చి గెలిచేవాడు. కోడలికి వాడంటే ప్రాణం. అత్తగారికి వాడితో మూడేళ్లుగా పడదు. వాడు తెర మీదికి రాగానే లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది.

"వెళ్లాడా?" అని లోపల్నుంచి అడిగేది.

"వెళ్లాడు, రండి."

చూసి చూసి కోడలు కూడా పందేలకి దిగింది. ముందు సరస్సులో ఈత, తర్వాత సైకిల్, ఆ తర్వాత పరుగు. మధ్యలో ఆగకూడదు. పోయినేడు సైకిల్ దగ్గరే సమయం మించిపోయింది. మెడలో ఈలతో పందెం నడిపించే ఈలాయన అడ్డంగా రిబ్బను కట్టి, ఆమె చొక్కాకున్న నంబరు విప్పి తీసుకున్నాడు. రెండుసార్లు అలా ఆగిపోయినవాళ్లని మూడోసారి పందెంలోకి రానివ్వరు. ఈసారి ఆగితే మరి లేదన్నమాట.

ఆ సంగతి విన్న మర్నాటి నుంచే అత్తగారు తెల్లవారకముందే స్కూటర్ తీసింది. ముందు ఆవిడ, వెనక సైకిల్ మీద కోడలు. గాలి లేని దారిలో కోడలి కాళ్లు తేలిపోయేవి. పందెంలో ఎవరూ ఎవరి చాటునా వెళ్లకూడదన్న నియమం ఉంది. కోడలికి అది తెలుసు. చెబితే ఆవిడ ఏమంటుందోనని ఏడాదంతా నోరు మెదపలేదు.

పందెం రోజున అత్తగారు స్కూటర్ తుడిచి, సరస్సు పక్కన సైకిళ్ల వరసలో పెట్టింది. ఈలాయన వచ్చాడు.

"అమ్మా, ఈ బండెవరిది?"

"నాది. కోడలికి ముందు నేను వెళ్తాను."

"అలా కుదరదండి. ఇంకో సైకిల్ వెనక వెళ్లినా ఆపేస్తాం. ఇక్కడ ఎవరి గాలి వాళ్లే కోసుకోవాలి."

"టీవీలో వెళ్తున్నారుగా."

"అది వేరే పోటీ అమ్మా. అయినా ఇదంతా మీ కోడలికి తెలుసే."

అత్తగారు కోడలి వైపు చూసింది. కోడలు గబగబా ఈత టోపీ లాక్కుని నీళ్లలోకి దిగిపోయింది.

ఈత బాగానే సాగింది. సైకిల్ ఎక్కాక తెలిసొచ్చింది. సరస్సు మీంచి వచ్చే గాలి నేరుగా రోడ్డుకి ఎదురు. గాలంటే ఏమిటో కోడలి కాళ్లకి ఏడాదిగా తెలియదు. రెండు చుట్లు వెళ్లాలి. మొదటి చుట్టు అయ్యేసరికి అందరికంటే వెనకపడిపోయింది.

అత్తగారు ఊరుకునే మనిషి కాదు. రోడ్డు చివర, సరస్సు వైపు తిరిగి, భుజాలు విరుచుకుని నిలబడింది. ఆవిడ పంతం పట్టి నిలబడితే ఆ చాటు ఇంకా పొడుగవుతుంది. రోడ్డు పొడవునా గాలి ఆగిపోయింది. వెనకబడ్డవాళ్లు ఇద్దరు ముగ్గురు హాయిగా ఊపిరి తీసుకుంటూ వెళ్లిపోయారు. ఈలాయన వచ్చి, ఆ చాటులోనే నిలబడి, నియమాల పుస్తకం పేజీలు ఎగరకుండా తిప్పి చూశాడు.

"నిలబడకూడదని ఎక్కడా లేదు," అన్నాడు.

"ఉండదు," అంది అత్తగారు.

రెండో చుట్టులో కోడలు వచ్చింది. గాలి ఆగిన చోటు తగలగానే తలెత్తి చూసి, దగ్గరికొచ్చి ఒక కాలు నేల మీద ఆనించింది.

"తప్పుకోండత్తయ్యా."

"ఏం?"

"నాకంటే ముందు చాలామంది గాలిలోనే వెళ్లారు. నేనిలా దాటితే అది దాటినట్టు కాదు."

అది తప్పు కుట్టేనని అత్తగారికీ తెలుసు. తెలుసు కాబట్టే కోపం రెట్టింపయింది. ఇన్నేళ్లలో ఆవిడని తప్పుకోమన్నవాళ్లు లేరు. పక్కకి జరిగింది. గాలి ఒక్కసారిగా కోడలి మీద పడింది. సైకిల్ ఊగింది. కోడలు లేచి నిలబడి తొక్కింది, పెడలు పెడలుకీ మూలుగుతూ. సైకిల్ దారి చివర ఈలాయన రిబ్బను ఒక కొస కట్టేసి రెండో కొస పట్టుకుని ఉండగా కంబానికీ అతనికీ మధ్యనుంచి లోపలికొచ్చేసింది. అతను గడియారం చూసి రిబ్బను వదిలేశాడు.

మిగిలింది పరుగు. అత్తగారు సరస్సు గట్టు వైపు బయలుదేరింది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు పందెం చూడడానికి వచ్చిన కొడుకు.

"నీ పెళ్లాన్ని నాలుగు మాటలు అనాలి."

"పరుగెడుతోంది కదా, అయ్యాక అనరాదూ?"

"అదీ ఒక పరుగేనా."

నిజమే. సరస్సు గట్టు మీద కోడలు ఎంత నెమ్మదిగా పరుగెడుతోందంటే అత్తగారు నడిచి అందుకుంది. ఏడాది మోసం, నలుగురిలో తప్పుకోమన్నది, అన్నీ వరసగా నోటిదాకా తెచ్చుకుని కోడలి వెనక్కి చేరింది.

కళ్లలో నీళ్లు ఆగిపోయాయి.

గాలి తగ్గిందనుకుంది. గట్టు పక్కన గడ్డి చూస్తే నేలకంటుకుపోయి ఉంది. ఒక అడుగు పక్కకి జరిగింది. గాలి మొహానికి కొట్టింది. మళ్లీ వెనక్కి వచ్చింది. లేదు. ఇంకోసారి జరిగి చూసుకుంది, కొలత సరిచూసుకునే అలవాటు కొద్దీ. కోడలి వీపు వెడల్పున, గాలి లేదు.

గదిలా లేదు. పోస్టుమాన్‌కి ఏమీ తెలియదు. చెవుల్లో హోరు తగ్గాక, తన చెప్పుల చప్పుడు తనకే వినబడింది. పక్కనున్న నీళ్లకి వాసన ఉందని తెలిసింది. ముందు నడిచేవాళ్ల ఊపిరి కూడా వినబడుతుందన్నమాట, అనుకుంది.

ఆ ఊపిరి తెగింది. కోడలు ఆగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగింది. వెంటనే గాలి వచ్చి అత్తగారి మొహం మీద పడింది. దూరంగా ముగింపు గీత దగ్గర ఈలాయన జెండాలు పీకడం మొదలుపెట్టాడు.

"ఇక నావల్ల కాదత్తయ్యా. తిట్టాలంటే తిట్టండి."

"ఆగకు," అంది అత్తగారు.

"కాళ్లు రావట్లేదు."

"నడు. నేనింకా సరిగ్గా చూడలేదు."

"ఏం చూడలేదు?"

"నీకెందుకు? నువ్వు ముందుకు చూసి నడు."

కోడలు కదిలింది. గాలి ఆగింది. నాలుగడుగులు నడక, మూడడుగులు పరుగు, మళ్లీ నడక. ఆగబోయినప్పుడల్లా వెనకనుంచి "ఊఁ" అని వినబడేది. గీత దగ్గరికి వచ్చేసరికి రెండు జెండాలు మాత్రమే మిగిలాయి. వాటి మధ్యనుంచి కోడలు దాటింది. ఈలాయన ఆమె చొక్కాకున్న నంబరు ముట్టుకోలేదు. చప్పట్లు కొట్టాడు. ఆయన్ని మాత్రం అత్తగారు ఇంకా క్షమించలేదు.

"ఏమన్నావమ్మా తనని?" అన్నాడు కొడుకు.

"ఏమీ అనలేదు. ఇంకా ఉంది టైము."

మర్నాడు తెల్లవారకముందే వీధిలో సైకిల్ ముందు వెళ్లింది, వెనక స్కూటర్. స్కూటర్ అంత నెమ్మదిగా నడపడం ఆవిడకి చేతకాదు. రెండుసార్లు కోడలి వెనక చక్రానికి తగిలించింది. తప్పు కోడలిదే అంది.