శాలువా కింద పిడికిలి

సన్మాన సంఘం పెద్దలారా, మీరు దొంగలు! ఒక ముసలమ్మ చెబుతున్న పాఠాన్ని సగంలో లాక్కొచ్చి అద్దాల పెట్టెలో పెట్టారు. పైగా ఆమెకే శాలువా కప్పారు.

నేను ఒక జడ్డిగాన్ని. తెలియదా? తెలియదులెండి. విత్తనం వేసే గొర్రు మీద కూర్చునే కొయ్య గిన్నెను. అడుగున నాలుగు కన్నాలు, వాటి కింద నాలుగు వెదురు గొట్టాలు. ఎద్దులు గొర్రు లాగుతుంటే వెనక నడిచే ఆడమనిషి నాలో గింజలు వదులుతుంది. అవి గొట్టాల్లోంచి సాళ్లలోకి జారతాయి. నన్ను తుమ్మ మొద్దులోంచి తొలిచిన మౌనాచారి పేరు మీరు అంటించిన చీటీ మీద లేదు. 'ప్రాచీన పనిముట్టు' అట! నిరుటి దాకా మట్టి తిన్న నేను ప్రాచీనమా?

నా మనిషి సుంకులమ్మ. ఒక ఏడాది తొలివాన పడగానే ఊరంతా గొర్రులు కట్టింది. ఆమె మడమతో నేల గుచ్చి చూసింది.

"పైపైన తడిసింది. లోపల పదును లేదు. ఆగండప్పా."

"వయసు మళ్లి నీకు భయమెక్కువైందిలే అవ్వా!" అని నవ్వారు. విత్తారు. మొలకలన్నీ మాడిపోయాయి. మళ్లీ వాన పడినప్పుడు ఆమె 'నేను చెప్పలేదా' అనలేదు. తాను దాచుకున్న కొర్రలు మూటగట్టి, నవ్వినవాళ్ల చేలకే ముందు నడిచింది. ఆ రోజు గర్వంతో నా కన్నాలు పూడిపోతాయేమో అనిపించింది.

వేళ్లు వణకడం మొదలయ్యాక సుంకులమ్మ, పక్కింటి కోడలైన మద్దమ్మను పిలిచింది. ఆ కోడలి పిడికిలి మీద తన పిడికిలి మూసి చేనంతా నడిపించింది.

"చేతి దిక్కు ఏం చూస్తావే? చెవి పెట్టు. గింజలు జారతాంటే నాలుగు గొట్టాలూ పలకాల. ఒకటి మూగబోయిందంటే ఆ సాలు బీడే."

"నాకు ఎద్దుల గంటలే ఇనబడతాండాయి పెద్దమ్మా!"

"మీ అత్త గొణుగుడు మాత్రం చేను దాకా ఇనబడతాదే నీకు!"

మద్దమ్మకు చెయ్యి కుదిరింది. చెవి ఇంకా కుదరలేదు. అంతలో మీ జీపు వచ్చింది. సుంకులమ్మ కొడుక్కి పేపర్లో ఫోటో ఆశ చూపి నన్ను మోసుకొచ్చారు.

సభలో ఆమె చేతికి మైకు ఇచ్చి, రెండు ముక్కలు మాట్లాడమన్నారు.

"మాటలేంటికి నాయనా? పిడికెడు కొర్రలియ్యండి. ఆ జడ్డిగం దించండి. మద్దమ్మను పిల్సుకోని చేన్లోకి పోదాం పాండి. దానికి చెప్పేది ఇంగా మిగిలుండాది."

చప్పట్లు కొట్టారు! వణికే ఆ చేతిని శాలువాతో కప్పేసి ఫోటో తీశారు. నేను అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. శాలువా కింద ఆమె వేళ్లు గింజలు వదులుతున్నట్టే కదులుతున్నాయి.

రోజూ నన్ను మెత్తటి గుడ్డతో తుడుస్తున్నారు. ఎవడిక్కావాలి? నాకు దుమ్ము కావాలి. ఆ పిడికిలి వేడి కావాలి. మబ్బు ఉరిమితే చాలు, నా ఖాళీ కడుపులో గింజల చప్పుడు వెతుక్కుంటున్నాను.

మృగశిర వస్తోంది. అద్దం తియ్యండి. నన్ను ఆమె ఇంటికి చేర్చండి. గొర్రు కట్టించండి, ఎద్దులు తెప్పించండి, మీరూ చెప్పులు విప్పి వెనక నడవండి. ఉపన్యాసం వద్దు. గొట్టం మూగబోయిన క్షణాన మద్దమ్మ తనంతట తానే "ఆగు!" అని కేకేసేదాకా, మీలో ఒక్కరూ ఆ చేను దాటడానికి వీల్లేదు.